రెండు వైపులా నమ్మని రాయబారి: జవాద్ జరీఫ్

(ఆదివారం సాయంత్రం గ్రంథాలయం మేడ మీద హాల్లో జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకి మాట వినపడకపోతే చెయ్యెత్తండి, కొంచెం గట్టిగా మాట్లాడతాను.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒక అబ్బాయి అడిగాడు, ఇరాన్ మాజీ మంత్రి గురించి మనకెందుకండీ అని. మంచి ప్రశ్నే, జవాబు చెప్తాను, కానీ కాస్త ఆగి చెప్తాను. ముందు మీ అందరికీ తెలిసిన కథ ఒకటి గుర్తు చేస్తాను. రాయబారం. మన ఊళ్లలో తెల్లవార్లూ కూర్చుని చూసిన రాయబారమే. కృష్ణుడు కౌరవసభలో ఏం మాట్లాడాడో అందరికీ గుర్తుంటుంది. మరి బయల్దేరే ముందు ఇంట్లో ఏం జరిగింది? ద్రౌపది వచ్చి తన జుట్టు చేత్తో పట్టుకుని చూపించింది. సంధి మాట్లాడేటప్పుడు ఈ జుట్టు గుర్తుంచుకో అన్నా, అంది. చూడండి, రాయబారికి అవతలి సభలో ఎదురయ్యేది సగం పరీక్షే. మిగతా సగం ఇంటి గడప దాటకముందే ఉంటుంది.

ఇవాళ నేను చెప్పబోయే మనిషి, మొహమ్మద్ జవాద్ జరీఫ్, తన ఉద్యోగ జీవితమంతా ఆ సగంతోనే పోరాడారు. ఇరాన్ దగ్గర అలాంటి జుట్టు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. 1953లో ఎన్నికల ద్వారా వచ్చిన మొసద్దెగ్ ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ కలిసి కూల్చాయి. 1980ల్లో సద్దాం హుసేన్ రసాయన ఆయుధాలు వాడుతుంటే ప్రపంచం చూస్తూ కూర్చుంది. 1988 జులైలో అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది, 290 మంది చనిపోయారు. మరి అమెరికా దగ్గర ఏమీ లేదా? ఉంది. 1979లో టెహ్రాన్‌లోని వాళ్ల ఎంబసీని ఆక్రమించుకుని 52 మందిని 444 రోజులు బందీలుగా పెట్టారు. ఆ మనుషుల కళ్లకు గంతలు కట్టి నడిపించిన ఫొటోలు ఇప్పటికీ వాళ్ల మనసుల్లోంచి పోలేదు. ఇటువైపు ఆ గాయం, అటువైపు ఈ గాయం. మధ్యలో ఒక మనిషి ఫైలు పట్టుకుని నిలబడాలి.

జరీఫ్ 1960లో టెహ్రాన్‌లో పుట్టారు. వ్యాపారం చేసే కుటుంబం, భక్తి ఎక్కువ. పదిహేడేళ్ల వయసులో చదువు కోసం అమెరికా పంపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డిగ్రీ, తర్వాత డెన్వర్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, 1988లో పూర్తయింది. అంతర్జాతీయ చట్టంలో ఆత్మరక్షణ అంటే ఏమిటన్నది ఆయన పరిశోధన. ఆ సంవత్సరాలు ఒక్కసారి ఊహించండి. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చేనాటికి, ఎంబసీలో బందీల గొడవ నడుస్తున్న రోజులకు, ఈ కుర్రాడు అమెరికాలో విద్యార్థి. బయట వీధుల్లో ఇరానీలంటే మంట. అక్కడే ఉండి చదువుకున్నారు, అక్కడి మనుషులు ఎలా ఆలోచిస్తారో ఎలా మాట్లాడతారో నేర్చుకున్నారు. ఆయన ఇంగ్లీషు మీరు యూట్యూబ్‌లో వినే ఉంటారు. ఆ ఇంగ్లీషే ఆయనకు ఆయుధమైంది, ఆ ఇంగ్లీషే సొంత ఊళ్లో అనుమానానికి కారణమైంది. "అక్కడ పెరిగినవాడు, అక్కడి మనిషే" అనే మాట జీవితాంతం వెంటాడింది.

చదువుకుంటూనే న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలోని ఇరాన్ కార్యాలయంలో చేరారు. ఎనిమిదేళ్ల ఇరాన్, ఇరాక్ యుద్ధం 1988లో ఆగిందంటే అది భద్రతా మండలి 598వ తీర్మానం మీద. ఆ చర్చల్లో ఈయన కుర్ర అధికారి. తర్వాత లెబనాన్‌లో పాశ్చాత్య బందీలను విడిపించే పని. సీనియర్ బుష్ 1989లో ప్రమాణస్వీకారం రోజున, సద్భావం చూపిస్తే సద్భావం దొరుకుతుందని అర్థం వచ్చేలా ఒక మాటన్నారు. ఇరాన్ దాన్ని నమ్మింది. ఐక్యరాజ్యసమితి దూత పిక్కో ఎన్నోసార్లు తిరిగారు, జరీఫ్ కూడా ఆ పనిలో ఉన్నారు, 1991 చివరికి అమెరికన్ బందీలు బయటపడ్డారు. మరి బదులు సద్భావం? రాలేదు. ఇవ్వడం లేదన్న కబురు మాత్రం వచ్చింది. మాట నమ్మి ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించినవాడి పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించండి. పెళ్లి సంబంధం మధ్యవర్తికైనా అంతే కదా, అటువాళ్లు మాట తప్పితే తిట్లు తినేది మధ్యవర్తే.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఇప్పుడు చెప్పేది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. 2001 డిసెంబరు. న్యూయార్క్ జంట భవనాలు కూలిపోయి మూడు నెలలు కాలేదు. తాలిబాన్ పారిపోయారు. అఫ్గానిస్తాన్‌కి కొత్త ప్రభుత్వం కావాలి. జర్మనీలో బాన్ పక్కన కొండ మీద పీటర్స్‌బర్గ్ అనే హోటల్, అక్కడ సమావేశం. అప్పటికి జరీఫ్ ఉప విదేశాంగ మంత్రి. అమెరికా తరఫున జేమ్స్ డాబిన్స్. రెండు దేశాల మధ్య ఎంబసీలు లేవు, పలకరింపులు లేవు, అయినా ఈ ఇద్దరూ పొద్దున్నే కలిసి కాఫీ తాగుతూ మాట్లాడుకునేవాళ్లట. డాబిన్స్ తర్వాత చెప్పిన సంగతి ఇది. ఒప్పందం ముసాయిదా చూసి జరీఫ్, ఇందులో ప్రజాస్వామ్యం గురించి, ఎన్నికల గురించి ఒక్క ముక్క లేదేమిటండీ అన్నారట. ఆ మాట అన్నది ఎవరు? ఇరాన్ ప్రతినిధి. ఎవరితో? అమెరికా ప్రతినిధితో.

ఆఖరి రాత్రి అంతా మంత్రి పదవుల దగ్గర ఆగిపోయింది. 24 శాఖల్లో 18 మాకే కావాలని, తాలిబాన్‌తో పోరాడిన నార్తర్న్ అలయన్స్ కూటమి ప్రతినిధి యూనుస్ ఖానూనీ పట్టుపట్టారు. ఐక్యరాజ్యసమితి దూత బ్రహీమీ చెప్పారు, అమెరికా చెప్పింది, రష్యా చెప్పింది, ఇండియా చెప్పింది. అవునండీ, మనవాళ్లూ ఆ గదిలో ఉన్నారు. గంటలు గడిచాయి. మనిషి కదల్లేదు. అప్పుడు జరీఫ్ లేచి, ఆయన్ని గది మూలకి తీసుకెళ్లి, చెవిలో ఏదో చెప్పారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదంటారు. ఖానూనీ తిరిగొచ్చి, సరే, రెండు శాఖలు వదులుకుంటాను అన్నారు. ఇంకొన్ని శాఖలు కొత్తగా కలిపి సర్దారు. తెల్లారేసరికి అఫ్గానిస్తాన్‌కి ప్రభుత్వం ఉంది.

తర్వాత ఏమైంది? ఎనిమిది వారాలు. లెక్కపెట్టండి, ఎనిమిదే. 2002 జనవరి 29న అమెరికా అధ్యక్షుడు జూనియర్ బుష్ తమ పార్లమెంటులో నిలబడి ఇరాక్, ఉత్తర కొరియాలతో కలిపి ఇరాన్‌ని "దుష్ట అక్షం" అన్నారు. డిసెంబరులో పక్కన కూర్చోబెట్టుకుని పని చేయించుకున్నారు, జనవరిలో దుష్టులన్నారు. టెహ్రాన్‌లో జరీఫ్‌ని వ్యతిరేకించేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? మేం ముందే చెప్పామా లేదా అన్నారు. నిజమే, వాళ్లు ముందే చెప్పారు. నాకు బాధ అనిపించేది ఇక్కడే. రెండు దేశాల్లోనూ అనుమానించేవాళ్లు ఒకళ్లకొకళ్లు సాయం చేసుకుంటారు. ఇక్కడివాడు తిడితే అక్కడివాడికి బలం, అక్కడివాడు తిడితే ఇక్కడివాడికి బలం. మధ్యలో ఉన్నవాడికి మాత్రం ఎవరూ ఉండరు.

2002 నుంచి 2007 దాకా ఆయన న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితికి ఇరాన్ రాయబారి. ఇరాన్ అణుబాంబు చేస్తోందన్న అనుమానంతో అణు గొడవ మొదలైంది ఆ రోజుల్లోనే. కఠినవాది అహ్మదీనెజాద్ ఇరాన్ అధ్యక్షుడయ్యాక ఇలాంటివాళ్లకి కాలం చెల్లింది. ఇంటికొచ్చి పాఠాలు చెప్పుకున్నారు. ఆ ఆరేళ్ల గురించి ఎక్కువ చెప్పను, చెప్పడానికీ పెద్దగా లేదు.

2013లో అధ్యక్ష ఎన్నికల్లో హసన్ రౌహానీ గెలిచారు, జరీఫ్ విదేశాంగ మంత్రి అయ్యారు. సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీతో పక్క గదిలో అరగంట మాట్లాడారు. మర్నాడు ఒబామా, రౌహానీ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. 1979 తర్వాత రెండు దేశాల అధ్యక్షులు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మరి ఇంట్లో? అక్టోబరు 8న పొద్దున్న టెహ్రాన్‌లో కైహాన్ అనే కఠినవాదుల పత్రిక, ఆ ఫోన్ కాల్ సరికాదని జరీఫే ఒప్పుకున్నారంటూ హెడ్డింగు పెట్టింది. ఆయన తానలా అనలేదన్నారు. ఆ హెడ్డింగు చూసిన రోజే నడుం పట్టేసింది, కాలు కదపలేనంత నొప్పి, ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. ఇదంతా ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. టెన్షన్‌కి కండరాలు బిగుసుకుపోయాయి.

వారం తిరగ్గానే జెనీవాలో అణు చర్చలు. విమానంలో పడుకునే వెళ్లారు. అక్కడ చక్రాల కుర్చీలో తిప్పారు. ఆ కుర్చీలో ఉన్న మనిషే ఆరు పెద్ద దేశాల ముందు గంటసేపు ఇంగ్లీషులో పవర్‌పాయింట్ పెట్టి వివరించారు. అనవసరమైన సంక్షోభాన్ని ముగిద్దాం అని దాని శీర్షిక. అప్పటిదాకా దుబాసీల ద్వారా నడిచిన చర్చలు ఆ రోజు నుంచి నేరుగా ఇంగ్లీషులో నడిచాయి. ఆ ఫొటోలు చూడండి ఎప్పుడైనా. ఎదుటివాళ్లెవరూ ఆయన నడుం విరగ్గొట్టలేదు, ఇంటి పత్రిక విరగ్గొట్టింది. మన పెద్దవాళ్లు ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదే.

2015 జనవరిలో జెనీవాలోనే కెర్రీతో కలిసి రోడ్డు మీద ఓ పదిహేను నిమిషాలు నడిచారు. నడక, అంతే. దానికి టెహ్రాన్‌లో ఎంపీలు సంజాయిషీ అడిగారు.

ఇక ఆ చర్చల్లోంచి వచ్చిన అణు ఒప్పందం దగ్గరికి వస్తాను. చాలామంది పేరు విన్నారు కానీ అందులో ఏముందో చెప్పమంటే చెప్పలేరు, కాబట్టి సులువుగా చెప్తాను. కరెంటు తయారీకి యురేనియాన్ని కొద్దిగా శుద్ధి చేస్తే చాలు, మూడు నాలుగు శాతం. బాంబుకి 90 శాతం దాకా వెళ్లాలి. శుద్ధి చేసే యంత్రాలే సెంట్రిఫ్యూజులు. ఇరాన్ దగ్గర అప్పటికి సుమారు 19,000 ఉన్నాయి. 2015 జులై 14న వియన్నాలో కుదిరిన మాట ఏమిటంటే, శుద్ధికి నడిపేవి 5,060 మాత్రమే, శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు దాటకూడదు, తనిఖీవాళ్లు వచ్చి చూస్తారు. బదులుగా ఆంక్షలు ఎత్తేస్తారు. ఆ డిసెంబరులో ఇరాన్ 11 టన్నులకు పైగా శుద్ధి చేసిన యురేనియాన్ని ఓడలో రష్యాకి పంపేసింది. అరాక్ రియాక్టరు గుండెకాయ తీసేసి అందులో కాంక్రీటు పోశారు. ఒక్క తూటా పేలకుండా ఇదంతా జరిగింది. ఏ యుద్ధం ఇంత పని చేసింది చెప్పండి?

వియన్నాలో చివరి విడత పద్దెనిమిది రోజులు నడిచింది. కోబర్గ్ ప్యాలెస్ అనే హోటల్లో, బయట ఎండలో విలేకరులు. జరీఫ్ అప్పుడప్పుడు బాల్కనీలోకి వచ్చి కిందున్నవాళ్లతో అరిచి మాట్లాడేవారు. కెర్రీ అంతకు కొన్ని వారాల ముందే సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు, చంకకర్రలతో తిరుగుతున్నారు. గదిలో అరుపులు బయటికి వినిపించిన రోజులూ ఉన్నాయి. అయినా కూర్చున్నారు. ఏప్రిల్‌లో లొజాన్‌లో ప్రాథమిక అంగీకారం కుదిరిన రాత్రే టెహ్రాన్ కుర్రాళ్లు కార్లలో హారన్లు కొట్టుకుంటూ రోడ్ల మీదికి వచ్చారు. ఆ కుర్రాళ్ల సంతోషం మర్చిపోకండి, మళ్లీ అక్కడికే వస్తాను.

ఒప్పందం వల్ల కాగితం మీద లెక్కలేనా, ఇంకేమన్నా లాభం కలిగిందా అని అడుగుతారు. ఒక్కటి చెప్తాను. 2016 జనవరి 12న అమెరికా నౌకాదళానికి చెందిన రెండు చిన్న పడవలు దారి తప్పి ఇరాన్ జలాల్లోకి వెళ్లాయి, పది మంది నావికుల్ని ఇరాన్ సైనిక దళం రివల్యూషనరీ గార్డులు పట్టుకున్నారు. కెర్రీ ఫోన్ తీశారు, జరీఫ్ ఎత్తారు. ఒకటికి నాలుగుసార్లు మాట్లాడుకున్నారు. మర్నాటికి పది మందీ బయట. 1979లో 444 రోజులు, 2016లో ఒక రోజు కూడా నిండలేదు. ఫోన్ నంబరు తెలిసిన మనిషి అవతల ఉంటే ఎంత తేడానో చూడండి.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు. 2015లోనే ఒక అమెరికన్ టీవీ ఇంటర్వ్యూలో జరీఫ్, మా దేశంలో అభిప్రాయాల కోసం ఎవర్నీ జైల్లో పెట్టం అన్నారు. అది నిజం కాదు. అప్పటికే ఎంతోమంది విలేకరులు, లాయర్లు, విద్యార్థులు జైళ్లలో ఉన్నారు. అంతకుముందు ఏప్రిల్ రాత్రి హారన్లు కొట్టిన కుర్రాళ్లన్నానే, వాళ్ల తరం 2019 నవంబరులో పెట్రోలు ధర మీద రోడ్డెక్కితే వందల మందిని కాల్చేశారు. ఆ ప్రభుత్వానికి ప్రపంచం ముందు ముఖం ఈయనే. రాయబారి తన రాజ్యం తరఫునే మాట్లాడతాడు, ఒప్పుకుంటాను. కానీ మౌనం ఒకటి, అబద్ధం ఒకటి. ఆ రోజు మౌనంగా ఉండే దారి ఆయనకు ఉంది. ఆయన మీద నాకున్న గౌరవం వల్లే ఇది చెప్తున్నాను.

2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి తప్పుకున్నారు. ఇరాన్ మాట తప్పిందా? లేదు, అంతర్జాతీయ అణు తనిఖీ సంస్థ ప్రతిసారీ పద్ధతిగానే ఉన్నారని నివేదిక ఇస్తూనే ఉంది. అయినా ఆంక్షలు తిరిగొచ్చాయి.

ఇందాకటి అబ్బాయి ఎక్కడున్నాడు? ఆ, అక్కడున్నావా. నీ ప్రశ్నకి ఇదీ జవాబు. ఆ రోజుల్లో మన దేశం బయటి నుంచి కొనే ముడిచమురులో సుమారు పదో వంతు ఇరాన్‌దే. అంతకుముందు ఆంక్షల కాలంలో డాలర్లు పంపే దారి లేక యూకో బ్యాంకు ద్వారా కొంత డబ్బు రూపాయల్లో కట్టాం. ఈసారి అమెరికా ఇచ్చిన గడువు 2019 మేలో అయిపోయింది, మనం కొనడమే మానేశాం. ఆ నెలలోనే జరీఫ్ ఢిల్లీ వచ్చి సుష్మా స్వరాజ్‌ని కలిశారు. మన ఎన్నికలు నడుస్తున్నాయి, ఎన్నికలయ్యాక చూస్తాం అన్నారు మనవాళ్లు. ఆ తర్వాత కూడా కొనలేదు. ఇరాన్‌లోని చాబహార్ రేవు మీద మనం పెట్టిన ఆశలూ అలాగే ఆంక్షల చుట్టూ తిరుగుతూ ఉన్నాయి. ఇక గల్ఫ్‌లో మనవాళ్లు ఎంతమంది? కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లు ఈ హాల్లోనే ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. ఆ సముద్రంలో మంట రేగిన ప్రతిసారీ ఇక్కడ అమ్మలు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. అందుకూ ఈ మనిషి మనకి అవసరం.

2019 ఫిబ్రవరిలో సిరియా అధ్యక్షుడు అసద్ టెహ్రాన్ వచ్చారు. సర్వోన్నత నేత ఖమేనీని కలిశారు, రౌహానీని కలిశారు, పక్కన, రివల్యూషనరీ గార్డుల విదేశీ దళాలను నడిపే జనరల్ ఖాసిం సులేమానీ ఉన్నారు. విదేశాంగ మంత్రి ఫొటోలో లేరు. ఆ రాత్రే జరీఫ్ ఇన్‌స్టాగ్రామ్‌లో రాజీనామా పెట్టారు, నా లోటుపాట్లకు క్షమించండి అని. రౌహానీ ఒప్పుకోలేదు, రెండు రోజుల్లో తిరిగొచ్చారు. అదే ఏడాది జులైలో అమెరికా ఏం చేసింది? ఆయన మీదే ఆంక్షలు పెట్టింది. విదేశాంగ మంత్రి మీద! ఇంట్లోవాళ్లు ఫొటోలోంచి తీసేశారు, బయటివాళ్లు జాబితాలో పెట్టారు. 2020 జనవరిలో సులేమానీని అమెరికా చంపాక, న్యూయార్క్ సమావేశానికి వెళ్లడానికి వీసా కూడా ఇవ్వలేదు.

2021 ఏప్రిల్‌లో ఒక ఆడియో బయటికొచ్చింది. సుమారు మూడు గంటలు. భద్రంగా దాచిపెట్టడానికి రికార్డు చేసుకున్న సంభాషణ అది, ఎవరో బయటపెట్టారు. అందులో ఆయన పదేపదే వాడిన మాట ఒకటుంది: మైదాన్. మన మైదానమే. వాళ్ల రాజకీయాల్లో దానికి అర్థం యుద్ధరంగం, అంటే సులేమానీ దళాలు. మైదానం కోసం నేను దౌత్యాన్ని ఖర్చు పెట్టాను, దౌత్యం కోసం మైదానం ఎప్పుడూ ఖర్చు కాలేదు, అన్నది ఆయన మాటల సారం. వియన్నా ఒప్పందం కాగానే సులేమానీ మాస్కో వెళ్లింది కూడా దాన్ని చెడగొట్టడానికే అన్నారు. ఒక మనిషి తన ఉద్యోగం మొత్తాన్ని ఒక్క వాక్యంలో ఇంత నిజాయితీగా చెప్పడం నేను ఎక్కడా వినలేదు. చెప్పింది తలుపులేసుకుని కాబట్టి చెప్పగలిగారు. బయటికి రాగానే ఖమేనీ అది పెద్ద తప్పన్నారు. జరీఫ్ క్షమాపణ రాశారు. ఆ జూన్‌లో అధ్యక్ష ఎన్నికల్లో నిలబడతారని చాలామంది అనుకున్నారు, నిలబడలేదు. మళ్లీ యూనివర్సిటీ.

తర్వాతది త్వరగా చెప్పేస్తాను, టైమైపోతోంది. 2024 అధ్యక్ష ఎన్నికల్లో మసూద్ పెజెష్కియాన్ కోసం ఊరూరూ తిరిగి ప్రచారం చేశారు. ఆయన గెలిచాక ఆగస్టులో జరీఫ్ వ్యూహాత్మక వ్యవహారాల ఉపాధ్యక్షుడయ్యారు. పదిరోజుల్లో రాజీనామా, కొన్నాళ్లకే మళ్లీ చేరిక. గొడవ ఏమిటి? పిల్లలకి విదేశీ పౌరసత్వం ఉంటే కీలక పదవుల్లో ఉండకూడదని ఒక చట్టం తెచ్చి ఉన్నారు. జరీఫ్ పిల్లలు పుట్టింది ఎక్కడ? ఆయన అక్కడ ఉన్న రోజుల్లో, అమెరికాలో. పుట్టుకతో వచ్చిన పౌరసత్వం. పదిహేడేళ్ల కుర్రాడిగా ఎక్కిన విమానం అరవై నాలుగేళ్లప్పుడు అడ్డొచ్చింది. 2025 మార్చిలో న్యాయవ్యవస్థ అధిపతి పిలిచి, ప్రభుత్వం మీద ఒత్తిడి తగ్గాలంటే మీరు యూనివర్సిటీకి వెళ్లిపోతే మంచిదని సలహా ఇచ్చారట. ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు.

మూడు నెలలకి, జూన్‌లో, ఇజ్రాయెల్ బాంబులు, తర్వాత అమెరికా బాంబులు. పన్నెండు రోజుల యుద్ధం. ఇరాన్ గనక మాట తప్పితే పాత ఆంక్షలు వాటంతటవే తిరిగొచ్చే ఏర్పాటు వియన్నా ఒప్పందంలోనే ఉంది. ముందు మాట తప్పింది అమెరికా, కానీ ఆ ఏర్పాటును బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ కలిసి వాడాయి. 2025 సెప్టెంబరు 28న ఐక్యరాజ్యసమితి ఆంక్షలన్నీ మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆ ఏర్పాటుకి ఎందుకు ఒప్పుకున్నావని టెహ్రాన్‌లో మళ్లీ జరీఫ్‌నే నిలదీశారు. అప్పటికి ఆయన చేతిలో ఏ పదవీ లేదు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ముందు వరసలో మాస్టారు ఇందాకట్నుంచి ఏదో కాగితం మీద రాసుకుంటున్నారు, మొదటి ప్రశ్న ఆయనదే. మైకు ఆయనకివ్వండి.